80డికి వేరే కంపెనీ గ్రిప్: ఎక్కడ మిగుల్చుకోవచ్చు, ఎక్కడ వద్దు

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. తన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న కానన్ 80డి కెమెరా ఉంది, దానికున్న రెండు బ్యాటరీలూ పాతవే. వీడియో కాదు, ఫొటోలే తీస్తాడు. స్నేహితుడి దగ్గర నికాన్ డి7500 ఉందట. వచ్చే మాఘంలో ఆరు పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు. తెల్లవార్లూ తీయాలంటే బ్యాటరీ చాలదేమోనని టెన్షన్. గ్రిప్ అంటే కెమెరా అడుగున బిగించే డబ్బా, అందులో రెండు బ్యాటరీలు పడతాయి, కెమెరాని నిలువుగా పట్టినప్పుడు నొక్కడానికి ఇంకో షట్టర్ బటన్ ఉంటుంది. కానన్ వాళ్ల గ్రిప్ ధర చూస్తే కళ్లు తిరిగాయట. అందులో మూడో వంతుకే వేరే కంపెనీల గ్రిప్పులు కనిపిస్తున్నాయి, పైగా రెండు బ్యాటరీలు ఉచితం అంటున్నారు. కొనొచ్చా, కొంటే ఏం చూసి కొనాలి?

తమ్ముడూ, నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు, నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లందరినీ అలాగే పిలుస్తాను. గ్రిప్ కొనుక్కో. ఉచిత బ్యాటరీలున్న ప్యాకెట్ మాత్రం కొనకు.

ముందు నీ టెన్షన్ సంగతి చూద్దాం. 80డిలో ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీ నిండా చార్జ్ చేస్తే, వ్యూఫైండర్‌లో చూసి తీస్తే, సుమారు 960 ఫొటోలు వస్తాయని కానన్ లెక్క. ఆ లెక్క కట్టేటప్పుడు సగం ఫొటోలకి కెమెరా మీది చిన్న ఫ్లాష్ వెలిగించి కడతారు. మనం పెళ్లిలో ఆ ఫ్లాష్ వాడం, పైన వేరే ఫ్లాష్ బిగిస్తాం. వరసపెట్టి కూడా తీస్తాం కాబట్టి 960 కంటే ఎక్కువే వస్తాయి. నీ దగ్గర మంచి బ్యాటరీలు రెండుంటే ఒక పెళ్లికి సరిపోతాయి. స్క్రీన్ చూస్తూ తీసినా, మధ్యలో వీడియో పెట్టినా లెక్క మారుతుంది, బ్యాటరీ చూస్తుండగానే తరిగిపోతుంది. నువ్వు ఫొటోలే అన్నావు కాబట్టి ఆ గొడవ లేదు.

చాలామంది పొరపడే సంగతి ఇంకొకటి. పైన పెట్టిన ఫ్లాష్‌కి గ్రిప్ ఒక్క చుక్క కరెంటు కూడా ఇవ్వదు. ఫ్లాష్ తన నాలుగు పెన్సిల్ సెల్స్ మీదే బతుకుతుంది. 'రాత్రి రెండు దాటాక ఫ్లాష్ ఆలస్యంగా నిండుతోంది, గ్రిప్ కొంటే సరిపోతుందా' అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. వాళ్లకి కావలసింది మంచి రీచార్జబుల్ సెల్స్ మూడు సెట్లు. నీ ఇబ్బంది కూడా అదే అయితే ఆ డబ్బు అటు పెట్టు.

మరి గ్రిప్ ఎందుకంటావా? మోచేతి కోసం. 80డి బాడీ బ్యాటరీతో 730 గ్రాములు. దానికి 70-200 ఎఫ్2.8 లెన్స్ తగిలిస్తే ఇంకో కిలోన్నర, దానిమీద ఫ్లాష్. పెళ్లికూతురి నిలువు ఫొటోలు, గంగాళంలో ఉంగరం తీసేటప్పుడు పక్కనుంచి తీసేవి, స్టేజి మీద ఒక్కొక్క జంటా, సగానికి పైగా నిలువు ఫ్రేములే కదా. గ్రిప్ లేకపోతే ప్రతిసారీ కుడి మోచెయ్యి గాలిలోకి లేస్తుంది. మనవైపు ముహూర్తాలు చాలావరకు రాత్రివే. ఒడియా వాళ్ల పెళ్లి ఒప్పుకుంటే ఇంకా ముందు నుంచే మొదలు, బరజాత్రి ఊరేగింపు బాణాసంచాతో ఇంటి ముందుకి వచ్చేసరికే సగం రాత్రి అవుతుంది, వధూవరుల చేతులు కలిపే హస్తగంఠి ఆ తర్వాతెప్పుడో. రెండు రకాల పెళ్లిళ్లూ తీసే మనలాంటివాళ్లకి ఉన్న రెండు భుజాలూ సరిపోవు. నిలువుగా పట్టినప్పుడు కూడా మోచెయ్యి డొక్కకి ఆనించి ఉంచగలిగితే చెయ్యి వణకదు, షట్టర్ వేగం కొంచెం తగ్గించినా ఫొటో చెదరదు. రెండు బ్యాటరీలు లోపల ఉండటం ఆ పైన కొసరు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి బ్యాటరీ మార్చుకునే పని ఉండదు, అంతవరకే.

గ్రిప్ పెడితే ఫొటోలు ఇంకా వేగంగా పడతాయని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. నికాన్ డి700కి ఎంబీ-డి10 గ్రిప్ బిగించి, అందులో పెద్ద బ్యాటరీ కానీ ఎనిమిది పెన్సిల్ సెల్స్ కానీ వేస్తే సెకనుకి 5 ఫొటోల నుంచి 8కి పెరిగేది. డి850కి కూడా ఎంబీ-డి18లో పెద్ద బ్యాటరీ వేస్తే 7 కాస్తా 9 అవుతుంది. అక్కడ ఎక్కువ వోల్టేజీ అందుతుంది కాబట్టి ఆ తేడా. 80డి గ్రిప్‌లో రెండు బ్యాటరీలు వేసినా కెమెరాకి అందే వోల్టేజీ 7.2 దగ్గరే ఉంటుంది. గ్రిప్ ఉన్నా లేకున్నా సెకనుకి 7 ఫొటోలే.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. అప్పట్లో ఒక చవక గ్రిప్ కొన్నాను, కంపెనీ పేరు ఇప్పుడు ఎందుకులే. చూడటానికి అచ్చం అసలుదానిలాగే ఉంది. బటన్లు బాగానే పనిచేశాయి. మా పక్క ఊళ్లో ఒక పెళ్లిలో పెద్ద లెన్స్ వేసుకుని, గ్రిప్ పట్టుకుని నిలువుగా తిప్పాను. కెమెరా ఆగిపోయింది. మళ్లీ వెలిగింది. మళ్లీ ఆగింది. కింద ఊగులాట వల్ల లోపల కాంటాక్ట్ తెగుతోందని ఆ క్షణంలో తట్టలేదు. బ్యాటరీ అనుకుని తలుపు తెరిచాను. ఈలోగా మేళం జోరందుకుంది, మూడు ముళ్లూ పడిపోయాయి. నాతో వచ్చిన కుర్రాడు పక్కనుంచి చిన్న కెమెరాతో ఒక్కటి తీశాడు కాబట్టి ఆ ఇంటి గడప మళ్లీ తొక్కగలిగాను. పెళ్లికూతురి మేనమామ ఇప్పటికీ బజార్లో కనిపిస్తే 'ఏం బాబూ, తాళి ఫొటో పడిందా' అని పలకరిస్తాడు.

అందుకే వేరే కంపెనీ గ్రిప్‌లో నేను ముందు చూసేది బటన్లు కాదు, అతుకు. 80డి లాంటి కానన్ కెమెరాల్లో బ్యాటరీ తలుపు ఊడదీసి, గ్రిప్‌కి ఉన్న పొడవాటి కొమ్మును బ్యాటరీ గదిలోకి దూర్చి, కింద ట్రైపాడ్ రంధ్రంలోకి మర బిగిస్తాం. మొత్తం బరువంతా ఆ ఒక్క మర మీదే వేలాడుతుంది. గ్రిప్ రాగానే బిగించి, ఒక చేత్తో లెన్స్, ఒక చేత్తో గ్రిప్ పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెల్లగా తిప్పి చూడు. వెంట్రుకవాసి కదలిక ప్లాస్టిక్‌లో సహజమే. బాడీకీ గ్రిప్‌కీ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటుంటే మాత్రం అది వెనక్కి పంపాల్సిన సరుకు. అలా తిప్పుతున్నప్పుడే కెమెరా ఆన్ చేసి పైనున్న చిన్న స్క్రీన్ చూడు, ఒక్కసారి మినుకుమన్నా చాలు, వద్దు. మూలల్లో శుభలేఖ అట్ట దూర్చి చూడు, ఒకవైపు దూరి రెండోవైపు దూరకపోతే అడుగు వంకరగా పోతపోశారన్నమాట. ఊగులాట ఆగుతుందని బిగించే చక్రాన్ని రూపాయి బిళ్లతో బలంగా తిప్పే పని ఎప్పుడూ చేయకు. పోతే కెమెరా అడుగున మర అరిగిపోతుంది, ఆ రిపేరుకి భువనేశ్వరో విశాఖో పట్టుకెళ్లాలి, గ్రిప్‌లో మిగిలిన డబ్బు దారి ఖర్చులకే పోతుంది.

తర్వాత షట్టర్ బటన్. సగం నొక్కితే ఫోకస్ పట్టి ఆగాలి, పూర్తిగా నొక్కితేనే ఫొటో పడాలి. చవక వాటిలో ఈ రెండు మెట్ల మధ్య తేడా సరిగ్గా ఉండదు. ఫోకస్ కోసం వేలు ఆనిస్తే చాలు టపటపా పడిపోతాయి, లేదా మొద్దుగా ఉండి నొక్కేసరికి కెమెరా కదులుతుంది. ఇరవై ముప్పై సార్లు నొక్కి చూస్తే తెలిసిపోతుంది. పక్కన తిప్పే డయల్ ఒక్క టిక్కుకి ఒక్క మెట్టే మారుస్తోందా, దాటేస్తోందా చూడు. ఫోకస్‌ని వెనక బటన్‌తో పట్టే అలవాటుంటే ఆ బటన్ గ్రిప్ మీద కూడా ఉందో లేదో కొనకముందే ఫొటోలో చూసుకో. బొటనవేలు ఒక్కోచోట ఒక్కో రకంగా వెతుక్కుంటే ముహూర్తం వేళ చిరాకు. గ్రిప్ మీద ఒక ఆన్-ఆఫ్ మీట ఉంటుంది. అది ఆ గ్రిప్ బటన్లకే తప్ప కెమెరాకి కాదు. మెడలో వేసుకుని నడిచేటప్పుడు దాన్ని ఆఫ్‌లో పెట్టకపోతే పొట్ట తగిలి నేల ఫొటోలు వంద పడతాయి, నా దగ్గర ఆల్బమే ఉంది.

ఇంకో పరీక్షకి రెండు రాత్రులు పడుతుంది, బద్ధకించకు. బ్యాటరీలు నిండా చార్జ్ చేసి గ్రిప్‌లో పెట్టి, కెమెరా ఆఫ్ చేసి పక్కన పెట్టు. మూడో రోజు పొద్దున మెనూలో బ్యాటరీ సమాచారం తెరిస్తే ఎంత శాతం మిగిలిందో కనిపిస్తుంది. ఒకటీ రెండూ తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. పది, పదిహేను తగ్గిందంటే ఆ గ్రిప్ లోపలి సర్క్యూట్ ఊరికే తాగుతోంది. అలాంటిది నాకు ఒకటి తగిలింది, శుక్రవారం నింపి పెడితే ఆదివారం పెళ్లికి సగమే ఉండేది.

ఈ పరీక్షలన్నీ వాపసు గడువులోగా అయిపోవాలి. ఇక్కడ మనవైపు ఒక చిక్కుంది. గజపతి, రాయగడ జిల్లాల లోపలి పిన్‌కోడ్లకి కొరియర్ వాడు సరుకు తెచ్చి ఇస్తాడు కానీ వెనక్కి తీసుకెళ్లడానికి చాలాసార్లు రాడు. కొనేముందు నీ పిన్‌కోడ్ కొట్టి వాపసు పికప్ ఉందో లేదో చూసుకో. లేకపోతే బరంపురంలో ఉన్న చుట్టాల చిరునామాకి తెప్పించుకో, లేదా నేరుగా బరంపురం వెళ్లి కెమెరా షాపులో నీ బాడీకే బిగించి చూసి కొనుక్కో. వంద, రెండొందలు ఎక్కువైనా నాకు అదే ఇష్టం.

ఇక ఆ ఉచిత బ్యాటరీలు. గ్రిప్ అంటే ఒక డబ్బా, నాలుగు బటన్లు, ఒక మర. అది చెడితే ఊడదీసి మామూలుగా తీసుకోవచ్చు. బ్యాటరీ అలా కాదు. అది చెడితే ఉబ్బుతుంది, ఉబ్బితే లోపల ఇరుక్కుపోతుంది. గ్రిప్ ట్రేలో ఇరుక్కుంటే ట్రే పోతుంది. గ్రిప్ లేకుండా వాడితే కెమెరా గదిలోనే ఇరుక్కుంటుంది. అసలు ఎల్‌పీ-ఈ6ఎన్ మీద 1865 ఎంఏహెచ్ అని ఉంటుంది, పాత ఎల్‌పీ-ఈ6 మీద 1800, తర్వాత వచ్చిన ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ మీద 2130. మూడూ నీ 80డిలో పనిచేస్తాయి. అదే సైజు డబ్బాలో 2600, 2800 అని అచ్చు వేసి, అసలుదాని ధరలో నాలుగో వంతుకి ఇస్తున్నారంటే ఆ అంకె సీసా మీది లేబులే అనుకో. తీరా వాడితే అసలుదానిలో సగం కూడా రానివి నేను చూశాను. అందులోనూ ఇరవై శాతం ఉందని చూపిస్తూనే ఠక్కున ఆగిపోవడం వాటి ప్రత్యేకత.

కానన్ బ్యాటరీలో కెమెరాతో మాట్లాడే చిప్ ఉంటుంది. మెనూలో బ్యాటరీ సమాచారం తెరిస్తే ఎంత మిగిలింది, ఈ చార్జ్‌తో ఎన్ని ఫొటోలు తీశావు, చార్జ్ పట్టే సత్తా ఎంత ఉందో మూడు గడుల్లో చూపిస్తుంది. మూడు ఆకుపచ్చవి ఉంటే కొత్తదానితో సమానం, ఎర్రది ఒక్కటే మిగిలితే మార్చేయాలి. గ్రిప్‌లో రెండు వేస్తే రెండింటికీ విడివిడిగా చూపిస్తుంది. మాట్లాడటం రాని బ్యాటరీ వేస్తే 'దీనిమీద కానన్ గుర్తు ఉందా' అని కెమెరా అడుగుతుంది. అది పనిచేయదని కాదు, దాని ఆరోగ్యం నీకు తెలియదని. పెళ్లి మధ్యలో అలా చీకట్లో నడవడం నాకైతే ఇష్టం లేదు. వేరే కంపెనీ బ్యాటరీల్లోనూ చిప్ ఉండి, చక్కగా శాతం చూపించేవి ఉన్నాయి. ఒకటి అసలుది ఉంటే రెండోది అలాంటిది తీసుకోవచ్చు. కానీ అసలు పేరు అచ్చువేసిన నకిలీలు ఇంకా ప్రమాదం, నమ్మిన షాపులో బిల్లుతోనే కొను. నీ దగ్గరున్న రెండూ పాతవే అన్నావు కదా, ఇవాళే ఆ గడులు చూడు. ఎర్రది కనిపిస్తే గ్రిప్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ కొనుక్కో.

గ్రిప్‌లో వేసే రెండూ ఒకే వయసువైతే మంచిది. ఒకటి కొత్తది, ఒకటి ముసలిది వేసి, రెండూ కలిపి ఎంతసేపు వస్తాయో లెక్కేసుకోవడం కష్టం. నేను వెనక తేదీతో స్కెచ్ పెన్ను గీత పెట్టి జతలుగా వాడతాను.

గ్రిప్‌తో పాటు ఆరు పెన్సిల్ సెల్స్ పట్టే ట్రే ఇస్తారో లేదో అడుగు. చాలామంది దాన్ని పెట్టెలోంచే తీయరు. నేను తీశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో ఎన్నో ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. కూలిన ఇళ్ల ఫొటోలు తీసిపెట్టమని జనం వచ్చారు, నా బ్యాటరీలు రెండో రోజుకే అయిపోయాయి. ఆ ట్రేతోనే నెట్టుకొచ్చాను. ఇందులో కిటుకు ఏమిటంటే రీచార్జబుల్ సెల్ ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఆరు కలిస్తే 7.2, సరిగ్గా కెమెరా బ్యాటరీ అంతే. కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్స్ కాగితం మీద 1.5 అయినా, కెమెరా ఒక్కసారి గట్టిగా లాగేసరికి వాటి వోల్టేజీ కుంగిపోతుంది. యాభై, వంద ఫొటోలకే చేతులెత్తేస్తాయి. ఫ్లాష్ కోసం కొన్న సెల్సే దీనికీ పనికొస్తాయి కాబట్టి అదనపు ఖర్చు లేదు.

సముద్రం దగ్గర తీసే పని ఉంటే ఇంకో మాట. 80డి బాడీకి దుమ్మూ తేమా అంతగా చొరబడకుండా కొంత ఏర్పాటు ఉంది, చవక గ్రిప్‌కి ఆ రబ్బరు అంచులు ఉండవు. గోపాలపురం బీచిలో పెళ్లి ముందు ఫొటోలకి వెళితే ఉప్పుగాలి కాంటాక్టుల మీద పచ్చగా పేరుకుంటుంది. ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో ఒకసారి తెల్లవారుజామున కెమెరాని ఇసుక మీద ఆనించి తీశాను. బిగించే చక్రంలో ఇసుక దూరి వారం రోజులు కరకరమంది. అలాంటిచోట గ్రిప్ ఊడదీసి వెళ్లడమే నయం. వెళ్లొచ్చాక పొడిబట్టకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది కాంటాక్టులు తుడు, నీళ్లు వద్దు.

మోడల్ సంగతి తేలిక. నీ కెమెరాకి కానన్ గ్రిప్ పేరు బీజీ-ఈ14, అది 70డి, 80డి, 90డి మూడింటికీ ఒకటే. వేరే కంపెనీల పెట్టె మీద ఆ పేరు కానీ ఆ మూడు కెమెరాల పేర్లు కానీ ఉండాలి. 60డిది వేరు, బీజీ-ఈ9, పొరపాటున అది తీసుకోకు. మీకే, నీవర్, పిక్సెల్ లాంటి పేర్లు కనిపిస్తాయి. నేను పేరు కంటే చేతిలో పడిన ముక్కని నమ్ముతాను, ఒకే కంపెనీ పెట్టెల్లో ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా వచ్చిన సందర్భాలున్నాయి. నీ స్నేహితుడిది నికాన్ డి7500 అన్నావు, అతనికి ఈ సలహా పనికిరాదు. డి7200 అడుగున గ్రిప్ కోసం కాంటాక్టులు ఉండేవి, డి7500లో నికాన్ తీసేసింది, సొంత గ్రిప్ కూడా చేయలేదు. దానికి బయట అమ్మేవాటిలో షట్టర్ పనిచేయాలంటే పక్కనుంచి ఒక తీగ చుట్టి కెమెరాలో గుచ్చాలి, డయల్ పనిచేయదు. ఆ తీగ పెళ్లి జనంలో ఎవరి గాజుకో తట్టుకుంటుంది. రేపు మిర్రర్‌లెస్‌కి, అంటే లోపల అద్దం లేని కొత్త తరం కెమెరాకి, మారదామనుకుంటే కూడా ఇది గుర్తుంచుకో, కానన్ ఆర్7, ఆర్10లకి కంపెనీ గ్రిప్ లేదు. ఆర్6కి ఉంది.

ఇంతకీ నీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానంటే, కొత్త చవక గ్రిప్‌కి ముందు పాత అసలు గ్రిప్ కోసం వెతుకుతాను. 80డి 2016 నాటి కెమెరా. విశాఖలో, భువనేశ్వర్‌లో పెళ్లిళ్లు తీసేవాళ్లు చాలామంది మిర్రర్‌లెస్‌కి వెళ్లిపోయారు, వాళ్ల పాత గ్రిప్పులు బీరువాల్లో మూలుగుతున్నాయి. బేరమాడితే కొత్త డూప్లికేట్ ధరకే అసలు బీజీ-ఈ14 దొరుకుతుంది. చూడాల్సింది రబ్బరు, మన తేమకి ఉబ్బి జిగురుగా అయితే చేతికి అంటుకుంటుంది, కానీ అది మార్పించుకోవచ్చు. ట్రే తలుపు కొక్కెం విరిగితే మాత్రం వదిలేయ్. దొరక్కపోతే కొత్త చవకది తీసుకుని పైన చెప్పినట్టు పిండి చూడు.

తొందరపడి మొదటి పెళ్లికే తగిలించుకుని వెళ్లకు. ఒక నామకరణమో, ఒక పుట్టినరోజో తీసి చూడు. ఇంకా అనుమానం ఉంటే ఒక ఆదివారం గుణుపురంలో బండెక్కి పర్లాకిమిడిలో దిగు, నా దగ్గర అసలుదీ, డూప్లికేటూ రెండూ ఉన్నాయి, నీ బాడీకి బిగించి చూసుకుందువు గాని. వచ్చేటప్పుడు ఊడదీసిన బ్యాటరీ తలుపు గ్రిప్ కొమ్ముకి ఉన్న చోటులోనే తగిలించుకుని రా, నాది ఏదో కల్యాణ మండపంలో అరటాకుల కింద పోయింది.